నాలుగు ఆవర్తాల నిశ్శబ్దం

పెల్హమ్ సంగీత కళాశాల నుంచి డాక్టర్ విన్‌స్లో వెతుక్కుంటూ వచ్చిన రోజు సోమవారం. ఒడాలీ పొయ్యి మీద ఎర్ర బీన్సు ఉడుకుతున్నాయి. న్యూ ఆర్లీన్స్‌లో సోమవారంనాడు ఇంకేదైనా వండితే ఇరుగుపొరుగు ఏదో అనుకుంటారు. అందుకని ఆవిడ తలుపు తీసి, "లోపలికి రా నాయనా, గరిటె తిప్పుతూ వింటాను," అంది. ఆయన మాత్రం గడప అవతలే నిలబడిపోయి, టోపీ తీసి గుండెలకు అదుముకున్నాడు.

"మీరు బతికే ఉన్నారా!" అన్నాడు.

"నిన్నటిదాకా ఉన్నాను. ఇవాళ్టి సంగతి సాయంత్రానికి గానీ చెప్పలేను," అంది ఒడాలీ.

బతికి ఉండడం ఆవిడ తప్పేం కాదు. డెబ్బై దగ్గరపడ్డా ప్రతి ఆదివారం చర్చిలో పియానో వాయిస్తూనే ఉంది. ఆ చర్చికీ కళాశాలకీ మధ్య ట్రామ్ బండిలో అరగంట ప్రయాణం. కానీ విన్‌స్లోకి చర్చిలకు వెళ్ళే అలవాటు లేదు. ఆయన వెళ్ళేదల్లా పుస్తకాలకు. పుస్తకాల్లో ఒడాలీ రోషాన్ చచ్చిపోయినట్టు లేదు, బతికున్నట్టూ లేదు. అలాంటప్పుడు చచ్చిపోయినట్టే అనుకోవడం మర్యాదని ఆయన ఇరవై ఏళ్ళ క్రితమే తేల్చేసుకున్నాడు.

సంగతేమిటంటే, కళాశాలవాళ్ళు ఏటా అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా జాజ్ కచేరీలు పెడతారు. ఈ ఏడాది కచేరీలన్నీ ఒడాలీ పేరు మీదే. ఆవిడ పడుచుదనంలో చేసిన ఒకే ఒక్క రికార్డు, అందులో ఒకే ఒక్క పాట, 'ఆరని బట్టలు'. దాని మీదే విన్‌స్లో డాక్టరేటు తెచ్చుకున్నాడు. పాట మొత్తం కూడా కాదు. పాట మధ్యలో ఒడాలీ వంతు వచ్చి, పియానో పరుగందుకుని, ఉన్నట్టుండి ఆగిపోతుంది. నాలుగు ఆవర్తాలపాటు చడీచప్పుడూ ఉండదు. ఆ నిశ్శబ్దం నడిమధ్యన ఎక్కడో 'దబ్' మని ఒక్క చప్పుడు. తర్వాత పియానో ఏమీ ఎరగనట్టు మళ్ళీ మొదలవుతుంది. అదీ ఆ నాలుగు వందల పేజీల సిద్ధాంతానికి ఆధారం.

"ఆ నిశ్శబ్దం ఒక ప్రశ్న ఒడాలీ గారూ," అన్నాడు విన్‌స్లో, బీన్సు గిన్నె ముందు కూర్చుని, తినడం మర్చిపోయి. "ఆ చప్పుడు సమాధానం. అంటే, సమాధానం లేదనడమే దాని అర్థం. మా విద్యార్థులంతా ఆ చోట ఆగి, మడమతో నేల మీద ఒక్కసారి తంతారు. దానికి విడిగా మార్కులున్నాయి."

బల్లకు అవతల కూర్చున్న వర్నీస్‌కి పొలమారింది. వర్నీస్ ఒడాలీకి ఆడపడుచు, పక్కింట్లోనే ఉంటుంది. భోజనానికి పిలవక్కర్లేదు, లేవమంటే మాత్రం కష్టం.

"వదినా, అది ఆ చెప్పే కదూ?" అంది దగ్గుతూ.

"ఏ చెప్పు?" అన్నాడు విన్‌స్లో.

ఒడాలీ చెప్పింది. ఆ రోజుల్లో ఆవిడకింకా పెళ్ళి కాలేదు. డ్రమ్ములు వాయించినవాడు అల్సీద్ రోషాన్. పగలంతా తాపీ పని, పెద్దవాళ్ళ ఇళ్ళ పైకప్పులకు పూలూ తీగలూ వచ్చేలా సున్నం పోతపోసేవాడు. సాయంత్రం మెడ పట్టేసి, జుట్టంతా తెల్లగా దుమ్ముతో స్టూడియోకి వచ్చి డ్రమ్ముల ముందు కూలబడ్డాడు. పాట సగంలో ఉండగా నిద్రపోయాడు. చేతులు మాత్రం డ్రమ్ము మీద తీగ బ్రష్షుల్ని తిప్పుతూనే ఉన్నాయి, తిప్పుతూ తిప్పుతూ నెమ్మదించి ఆగిపోయాయి. ఒడాలీకి ఒళ్ళు మండింది. వాయించడం ఆపి, కాలి చెప్పు లాగి, "అల్సీద్!" అని అరిచి విసిరింది. చెప్పు వెళ్ళి పెద్ద డ్రమ్ముకు తగిలింది. వాడు ఉలిక్కిపడి లేచి, ఎక్కడ అందుకోవాలో సరిగ్గా అక్కడే అందుకున్నాడు.

"నిద్రలో కూడా వాడికి తాళం తప్పదు," అంది ఒడాలీ. "స్టూడియోవాడు ఇంకో టేపు దండగన్నాడు. నా అరుపున్న ముక్క కత్తిరించి పారేశాడు. చెప్పుదెబ్బ అలాగే ఉండిపోయింది. అంతే నాయనా."

విన్‌స్లో ముసిముసిగా నవ్వాడు. "గొప్ప కళాకారులంతా ఇంతే. లోతైన విషయం అడిగితే హాస్యం చాటున దాక్కుంటారు. నా పుస్తకంలో మూడో అధ్యాయం మొత్తం దీని గురించే," అన్నాడు. గొంతు తగ్గించి, "దయచేసి ఈ చెప్పు మాట విద్యార్థుల దగ్గర అనకండి. పరీక్షలు దగ్గరికొస్తున్నాయి," అన్నాడు.

ఇలాంటివాడికి చెప్పేదేముంది? ఒడాలీ ఇంకాస్త అన్నం వడ్డించింది. కానీ ఒక్కమాట మాత్రం గట్టిగా అంది.

"నేను వస్తాను. పూలదండలూ శాలువాలూ నాకక్కర్లేదు. ఒకే ఒక్క పని చెయ్యి. ఆ వేదిక మీద నిలబడి, డ్రమ్ములు వాయించింది అల్సీద్ రోషాన్ అని అందరికీ వినపడేలా చెప్పు."

"అయ్యో, అదెంత పని!" అన్నాడు విన్‌స్లో.

ఎంత పనో ఆవిడకు తెలుసు. ఆ రికార్డు అట్ట మీద అచ్చేసింది 'ఒడాలీ, ఇద్దరు స్నేహితులు' అని. బాస్ అనే పెద్ద తీగవాద్యం వాయించినవాడు తర్వాత షికాగో వెళ్ళి తన పేరు తాను సంపాదించుకున్నాడు. రెండో స్నేహితుడు ఒడాలీని పెళ్ళాడి, నలభై ఏళ్ళు కాపురం చేసి, ఊళ్ళో ప్రతి ఊరేగింపులోనూ, ప్రతి చావులోనూ, ప్రతి పెళ్ళిలోనూ డ్రమ్ములు మోగించాడు. "నా పెళ్ళాం నన్ను స్నేహితుడిగానే చూస్తోంది, ఇంకా మొగుడిగా ఖాయం చెయ్యలేదు," అని నలుగురిలో నవ్వించేవాడు. రెండేళ్ళ క్రితం పోయాడు. పత్రికలో 'తాపీ మేస్త్రి, పియానో విద్వాంసురాలి భర్త' అని వేశారు. పోయే ముందు ఆసుపత్రిలో కూడా వాడి హాస్యం వాడిదే: "ఒడాలీ, సమాధి రాయి మీదన్నా స్నేహితుడని వేయించకే." ఆవిడ ఆ మాటకు అప్పుడు నవ్వింది. తర్వాత ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఏడ్చింది.

అక్టోబరులో మొదటి కచేరీ. హాలు నిండా మెత్తటి కుర్చీలు, ఎదురుగా నల్లగా నిగనిగలాడే పియానో. గుమ్మంలోనే ఒక పిల్ల చెవిలో ఊదింది, కచేరీ జరుగుతుండగా మాట్లాడకూడదు, మధ్యలో చప్పట్లు కొట్టకూడదు, కాలు ఆడించకూడదు అని. వర్నీస్ ముక్కున వేలేసుకుంది. జాజ్ కచేరీలో ఒకడు బాగా వాయిస్తే అక్కడికక్కడే కేక వెయ్యకపోవడమంటే ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించకపోవడమే. ఆ ఊళ్ళో అందరూ అలాగే పెరిగారు.

విన్‌స్లో ముప్పావుగంట మాట్లాడాడు. ప్రశ్న గురించి, సమాధానం గురించి, సమాధానం లేకపోవడం గురించి. తర్వాత ఆరుగురు విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి 'ఆరని బట్టలు' వాయించారు. చేతులు బాగానే తిరుగుతున్నాయి, పాపం. అందరూ అదే చోట ఆగారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. అందరూ మడమతో దబ్ మని తన్నారు. ఒకడు మరీ భక్తిగా తన్ని, ఆ నొప్పికి మిగతా పాటంతా మూలుగుతూ వాయించాడు.

"ఏం తన్నావురా నాయనా!" అంది వర్నీస్ ఉండబట్టలేక. ముందు వరుసలోని వాళ్ళంతా వెనక్కి తిరిగి "ష్" అన్నారు.

"చర్చిలో పాస్టరు కూడా నన్ను ష్ అనలేదు వదినా, నలభై ఏళ్ళలో," అంది వర్నీస్ ఇంటికెళ్ళే దారంతా.

ఒడాలీ మనసు అక్కడ లేదు. కచేరీ చివర్లో విన్‌స్లో ఆమెను లేపి నిలబెట్టి, పూలగుత్తి చేతిలో పెట్టి, "ఆ మహా నిశ్శబ్దానికి తల్లి," అన్నాడు. బాస్ పేరు చెప్పాడు. డ్రమ్ముల దగ్గరకొచ్చేసరికి, "ఇంకొక స్నేహితుడు," అన్నాడు. అడిగితే, "అరెరె, ఉపన్యాసం ముందే రాసుకున్నాను కదండీ, ఈసారి తప్పకుండా," అన్నాడు.

డిసెంబరు కచేరీలో ఈసారీ ఆ పేరు లేదు. ఒడాలీ విరామంలో నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళి నిలదీసింది. విన్‌స్లో గొంతు సవరించుకున్నాడు.

"చూడండి ఒడాలీ గారూ, డ్రమ్ములు వాయించింది ఎవరన్నది పరిశోధనలో ఇంకా తేలలేదు."

"తేలకపోవడమేమిటి? నేను అక్కడే ఉన్నానుగా!"

"అది నోటిమాట. నోటిమాటను కమిటీ పరిశీలించాలి."

"వాణ్ని నేను పెళ్ళి చేసుకున్నాను నాయనా."

"అదే ఇబ్బంది. మీరు ఆయనకు కావలసినవారు. మీ సాక్ష్యంలో పక్షపాతం ఉండొచ్చని కమిటీ అనుకుంటుంది."

తన నిశ్శబ్దానికి నాలుగు వందల పేజీల అర్థం రాసినవాడికి, తన మాట మాత్రం సాక్ష్యానికి పనికిరాలేదు. మర్నాడు వర్నీస్‌తో, "ఇంక వెళ్ళను. నన్ను కుర్చీలో బొమ్మలా కూర్చోబెట్టి బతికుండగానే నాకు తద్దినం పెడుతున్నారు," అంది.

"వెళ్ళకు. నీకేం, హాయిగా ఇంట్లో కూర్చో," అంది వర్నీస్. "మా అన్నయ్య మామూలుగానే స్నేహితుడిగా ఉండిపోతాడు. అలవాటేగా వాడికి."

"నోరు ముయ్యవే."

"వాళ్ళు ముయ్యమన్నప్పుడే ముయ్యలేదు, నువ్వంటే మూస్తానా?"

ఫిబ్రవరిలో కార్నివాల్ ఊరేగింపులు మొదలయ్యాయి. ఊళ్ళో ఏ వీధిలో చూసినా బాకాలు, డ్రమ్ములు, రంగుల పూసలు, వీధి మధ్యలో గొడుగులెత్తుకుని ఎగిరే ముసలాళ్ళు. అల్సీద్ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ముగ్గురు మూడు బృందాల్లో డ్రమ్ములు కొడుతూ ఆవిడ ఇంటి ముందునుంచే వెళ్ళారు. ఒడాలీ అరుగు మీద కూర్చుని చూసింది. వాళ్ళు చెయ్యెత్తి, "అమ్మా! మేస్త్రి ఉంటే ఎంత బాగుండేది!" అని అరిచారు. కళాశాల మూడో కచేరీ ఆ వారమే. ఒడాలీ వెళ్ళలేదు. ఊరంతా వీధుల్లో ఉంటే ఆ హాలుకు ఎవరూ వెళ్ళలేదట.

ఆ తర్వాత విన్‌స్లో మళ్ళీ వచ్చాడు. మనిషి వాడిపోయాడు. మూడు కచేరీలకూ హాలు సగం కూడా నిండలేదు. చివరిది కూడా ఇలాగే పోతే వచ్చే ఏడు జాజ్ తీసేసి సినిమా సంగీతం పెడతామని కళాశాల పెద్ద తేల్చి చెప్పాడట.

"మీరే వాయించాలి. మీరు వాయిస్తే జనం వస్తారు," అన్నాడు.

"వాయిస్తాను. పేరు చెప్తావా?"

"చెప్తాను."

"ఒట్టు?"

"ఒట్టు," అని ఆయన గుండె మీద చెయ్యి కూడా పెట్టుకున్నాడు. చదువుకున్నవాడు ఒట్టేస్తే అందులో ఎక్కడో ఒక మెలిక ఉంటుందని వర్నీస్ తర్వాత చెప్పింది గానీ, అప్పటికే ఒడాలీ తల ఊపేసింది.

ఏప్రిల్లో, చివరి కచేరీ సాయంత్రం, హాలు కిటకిటలాడింది. చర్చివాళ్ళంతా వచ్చారు, గొడుగులతో సహా. ఊరేగింపు బృందాలవాళ్ళు వచ్చారు. గుమ్మంలో పిల్ల ఎంతమంది చెవిలో ఊదగలదు! ఒడాలీ ఊదారంగు గౌను వేసుకుని, ఆదివారాలు చర్చికి వేసుకునే నల్ల జోడు తొడుక్కుని పియానో ముందు కూర్చుంది. బాస్ మీద ఒక కుర్రాడు, డ్రమ్ముల మీద ఒక పిల్ల, ఇద్దరూ కళాశాలవాళ్ళే, భయంతో బిగుసుకుపోయి ఉన్నారు. వేదికకు ఓ పక్క చిన్న బల్ల దగ్గర విన్‌స్లో, చేతిలో తన నాలుగు వందల పేజీల పుస్తకం.

మాట్లాడాడు. కాస్త తగ్గించే మాట్లాడాడు. చివర్లో గొంతు పెంచి, "నేను ఒక మాట ఇచ్చాను," అన్నాడు. మూడో వరుసలో వర్నీస్ ముందుకు వంగింది.

"ఆ రికార్డులో డ్రమ్ములు వాయించినవారిని ఈ సాయంత్రం మనం స్మరించుకోవాలి. పరిశోధన ఇంకా సాగుతోంది కనుక ప్రస్తుతానికి, మనందరి ప్రియమైన, పేరు తేలని స్నేహితుడు!"

మెలిక అక్కడుంది. విన్‌స్లో చేతులు దులుపుకుని నవ్వుతూ పక్కకు జరిగాడు. తన ఒట్టు తాను నిలబెట్టుకున్నాననే ఆయన నమ్మకం, నిజంగా.

ఒడాలీ చేతులు ఒళ్ళోకి తీసుకుంది. లేచి వెళ్ళిపోదామనిపించింది. హాలంతా చూస్తోంది. డ్రమ్ముల దగ్గరి పిల్ల కళ్ళు ఇంతలేసి చేసుకుని ఆవిడ వేళ్ళవంకే చూస్తోంది. ఒడాలీ మెల్లగా మొదలుపెట్టింది.

మొదటి నాలుగు ఆవర్తాలకే వెనక ఎవరో "అదీ!" అన్నారు. ఈసారి ష్ అనేవాళ్ళు తక్కువైపోయారు. వంతు వచ్చింది. ఆవిడ వేళ్ళకు వయసు గుర్తు లేదు. రికార్డులో లేనివి, నలభై ఏళ్ళుగా వంటింట్లోనూ చర్చిలోనూ అల్సీద్ తట్టే తాళానికి వాయించినవి, అన్నీ బయటికొచ్చాయి. జనం కేకలు వేస్తున్నారు. విన్‌స్లో పుస్తకంలో వేలు పెట్టి ఒక్కో పేజీ తిప్పుతూ తలాడిస్తున్నాడు. ఆ చోటు దగ్గరపడుతుంటే ఆయన పుస్తకం గుండెలకు హత్తుకుని, చెయ్యెత్తి హాలును నిశ్శబ్దం చేశాడు.

ఒడాలీ ఆగింది.

విద్యార్థులంతా ఆవిడ మడమవంక చూశారు. ఒడాలీ వంగింది. నింపాదిగా కుడికాలి జోడు విప్పింది. లేచి నిలబడి, దాన్ని విన్‌స్లో మీదికి బలమంతా పెట్టి విసిరి, చర్చిలో పైస్వరం అందుకునే గొంతుతో అరిచింది.

"అల్సీద్!"

జోడు వెళ్ళి విన్‌స్లో గుండెల దగ్గర పట్టుకున్న పుస్తకానికి తగిలింది. దబ్. నాలుగు వందల పేజీలకు తగిలితే చప్పుడు బాగానే వస్తుంది. హాలంతా నోరెళ్ళబెట్టింది. మూడో వరుసలో వర్నీస్ లేచి నిలబడింది.

"అల్సీద్ రోషాన్! డ్రమ్ముల మీద! మా అన్నయ్య!"

"అల్సీద్!" అన్నారు ఊరేగింపు బృందాలవాళ్ళు వెనకనుంచి. డ్రమ్ముల దగ్గరి పిల్ల ఏమనుకుందో ఏమో, ఆవర్తాలు లెక్కపెట్టడం మానేసి అందుకుంది. ఒడాలీ ఒంటికాలి జోడుతో కూర్చుని ఆ పిల్లతో కలిసి పాట పూర్తిచేసింది. గొడుగులు విచ్చుకున్నాయి. కాలు ఆడించకూడదన్న హాల్లో జనం కుర్చీల మధ్య సందుల్లో ఎగిరారు.

అంతా అయ్యాక విన్‌స్లో ఆవిడ దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు కోప్పడతాడని ఒడాలీ అనుకుంది. కోప్పడితే నాలుగు దులుపుదామని సిద్ధంగా కూడా ఉంది. ఆయన రెండు చేతులతో జోడు పట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో నిలబడ్డాడు.

"నేను గుడ్డివాణ్ని. ఇరవై ఏళ్ళుగా సగమే విన్నాను," అన్నాడు. "నిశ్శబ్దంలో ఒక పిలుపు కూడా ఉంది!"

"ఉంది నాయనా. అది నా మొగుడి పేరు."

"తప్పకుండా, తప్పకుండా," అన్నాడు విన్‌స్లో, అప్పటికే ఎక్కడికో వెళ్ళిపోయిన చూపుతో. "అల్సీద్ అంటే ఆల్సైడీస్. ప్రాచీన గ్రీకు వీరుడి పేరు. ఆహా."

కళాశాల పెద్దకు నిండిన హాలు చూసి కడుపు నిండింది. జాజ్ ఉండిపోయింది. విన్‌స్లో వేసవంతా గది తలుపులేసుకుని కొత్త పుస్తకం రాశాడు.

మళ్ళీ అక్టోబరు వచ్చింది. పరీక్ష కచేరీకి రమ్మని ఒడాలీని పిలిచారు. ఆవిడా వర్నీసూ వెనక వరుసలో కూర్చున్నారు. మొదటి కుర్రాడు వచ్చాడు, వాయించాడు, ఆ చోట ఆగాడు. వంగి, బూటు లేసులు విప్పుకుని, అందుకోసమే పక్కన నిలబెట్టిన చెక్కపలక మీదికి బూటు విసిరి, "అల్సీద్!" అని అరిచాడు. తర్వాతి పిల్లా అంతే. ఆ తర్వాతి కుర్రాడూ అంతే. విన్‌స్లో మార్కులేసుకుంటున్నాడు. ఒకడి బూటు ముడి ఊడక నాలుగు ఆవర్తాలూ దాటిపోతే, వాడు ఏడుపు గొంతుతో బూటు లేకుండానే "అల్సీద్!" అన్నాడు.

"గ్రీకు వీరుడట వదినా. మా అన్నయ్య!" అంది వర్నీస్ పళ్ళు నూరుతూ. "వెళ్ళి ఆ పెద్దమనిషికి ఎవరో ఏమిటో మళ్ళీ చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

ఒడాలీ కదల్లేదు. వేదిక మీద ఇంకొక పిల్ల ఆగి, వంగి, పేరుపెట్టి గట్టిగా పిలిచింది. ఒడాలీకి నవ్వు ఆగలేదు, ఆ నవ్వులోంచే కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. రుమాలుతో తుడుచుకుంది.

"ఉండవే," అంది. "వాడు బతికున్నన్నాళ్ళూ నేనొక్కదాన్నే నిద్రలేపేదాన్ని. ఇప్పుడు ఊళ్ళో పిల్లలంతా లేపుతున్నారు. ఇంకెలా పడుకుంటాడో చూస్తాను."